గంట మోగని గురువారం

నాకు అన్నిటికంటే భయం, నా పాప చప్పుడు చేయకుండా ఉండటం. ఏడిస్తే ఊపిరి ఉన్నట్టే కదా. నిద్రపోయిందంటే ముక్కు కింద వేలు పెట్టి చూస్తాను. రోజుకు పాతికసార్లు.

"ముందు ఆ వేలు తియ్యవే తల్లీ, పిల్లకు గాలాడదు!" అంటుంది గాబ్నెట్ హాన్‌రాటీ.

లివర్‌పూల్ రేవు దగ్గర నేను గ్లాసులు కడిగే నల్లబాతు పబ్బుకు పై గదిలో ఉంటుందావిడ. పుట్టింది ఐర్లండ్‌లో. ఆవిడ మొదటి నవలను ఊరి ఫాదర్ చదవకుండానే చర్చిలో నిలబడి తిట్టాడట. ఆ దెబ్బకు రెండో ముద్రణ పడింది. "తర్వాతి పదింటినీ ఒక్కడూ తిట్టలేదు. అందుకే మునిగాయి," అని ఆవిడ ఏడుపు. పద్నాలుగేళ్లకే బడి మానేసినదాన్ని, నేనూ ఒకటి మొదలుపెట్టాను. నలభై పేజీలైనా నా కథానాయిక ఇంకా మంచం దిగలేదు. ఆ మాటే చెబితే, "అమ్మయ్య, నలభై దాకా వచ్చావు!" అని మురిసిపోయింది.

నవలలు మునిగాక కవుల మీద పడింది. ముప్పై ఏళ్లుగా గురువారం సాయంత్రాలు పబ్బులో వాళ్లచేత చదివిస్తోంది. మనిషికి నాలుగు నిమిషాలు. దాటితే ఇత్తడి గంట కొడుతుంది, సగం మాటలోనైనా వేదిక దిగాల్సిందే. పెళ్లాం పోయిన కవికి కూడా కొట్టింది. "ఆవిడ ఉండగా నాలుగు నిమిషాలు మాట్లాడాడా వీడు?" అంది.

నెల కిందట పళ్ల డాక్టరు డెస్మండ్ సముద్రం మీద కవిత ఎత్తుకున్నాడు. పాప బుట్టలో, గాబ్నెట్ పక్కనే. ఎనిమిది నిమిషాలైనా గంట లేదు.

"ముసల్దానికి కొత్త పళ్లు కట్టాడ్రోయ్!" అన్నారెవరో. అందరూ నవ్వారు.

నా చెవికి మాత్రం పాప చప్పుడు లేదు. గ్లాసు వదిలేసి, డెస్మండ్‌ను తోసుకుని వెళ్లి వేలు పెట్టాను. ఊపిరి వెచ్చగా తగిలింది. చెయ్యి ఆగక, పక్కనున్న గాబ్నెట్ ముక్కు కిందా పెట్టాను. మామూలుగానైతే కొరికేది. కొరకలేదు. మూతి ఒక పక్కకు జారిపోయి ఉంది. గంట ఒళ్లో పడి ఉంది.

ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నారు ఆస్పత్రిలో. కళ్లు తెరిచి ముద్దముద్దగా అడిగిన మొదటి మాట: "డెస్మండ్ దిగాడా?"

ఇప్పుడు మళ్లీ పై గదిలోనే ఉంది, ఒంటరిగా. సాయానికి మనిషిని పెడతామంటే చెప్పు విసిరింది. మా అమ్మకు కాలు విరిగింది, పాపను తీసుకుని వారం రోజులు వెళ్లక తప్పదు. మీరు రేవు వైపు వస్తే కాస్త మెట్లెక్కి ఆవిడ తలుపు కొట్టండి. తిడితే బాగున్నట్టే, దిగిపోండి. తిట్టకపోతే మాత్రం లోపలికి వెళ్లి ముక్కు కింద వేలు పెట్టి చూడండి.