కంటిలోని పచ్చసొన

చేటలో బియ్యం ముందేసుకుని స్వప్న తల పక్కకు వంచి రాళ్ళు ఏరుతోంది. ఎదురుగా ఉన్న రాయి ఆ తొమ్మిదేళ్ళ పిల్లకు కనబడదు, పక్కనున్నదే కనబడుతుంది. మనవరాలు కోడిపిల్లలా వాలుగా చూడడం చూసి కృష్ణమ్మ రోజూ అనే మాటే మళ్ళీ అంది.

“తల్లి జేసిన పాపం బిడ్డ కండ్లల్ల కూసున్నది.”

పొయ్యి దగ్గరున్న మంజులత పళ్ళు బిగబట్టింది. ఎనభైలో పట్టపగలే చీకటి పడ్డ గ్రహణం నాడు ఆమె స్వప్నను కడుపుతో ఉంది. కదలకుండా పడుకోమని తలుపులు మూసింది అత్త కృష్ణమ్మే. ఆ మూసిన తలుపుల లోపల, తల పగిలిపోతోంది చాయ్ పెట్టమన్నది భర్త రామచంద్రం. పొయ్యి ముట్టించిన పాపం పెట్టినదానికి అంటింది, తాగినవాడికి అంటలేదు. పిల్ల చూపు తగ్గిందని తెలిసిన రెండేళ్ళ నుంచీ ప్రతి ఆదివారం తడిచీరతో సూర్యుడికి మొక్కి, ఒక్కపొద్దు ఉండి, ఇంటిల్లిపాదికీ వండి పెడుతోంది.

బడి పంతులు పట్టుబట్టగా చివరికి మొగుడూ పెళ్ళాం పిల్లను తీసుకుని పట్నం దవాఖానకు పోయారు. పిల్ల కంట్లో చూపు నిలిచే చోట గుడ్డు పచ్చసొన లాంటి మచ్చ ఉందని చెప్పింది డాక్టరమ్మ. తల్లిదండ్రుల కళ్ళూ చూడాలంది. కళ్ళ పక్కన తీగలు అంటించి చీకట్లో, వెలుగులో కళ్ళు అటూ ఇటూ తిప్పించారు. మంజులతవి బాగున్నాయి. రామచంద్రంవి బాగాలేవు.

“నాకు మంచిగనే కనబడతాంది గదమ్మా!”

“కొందరికి కనబడుతూనే ఉంటుంది. కంటి వెనక పొరలో ఉప్పూ నీళ్ళూ పోయొచ్చే సన్నని దారులుంటాయి. ఆ దారుల్లో లోపం మీకు పుట్టుకతో వచ్చింది. మీ నుంచి పాపకు వచ్చింది. మీ తోడబుట్టినవాళ్ళకూ ఉండొచ్చు.”

“మరి గ్రహణం?” అని అడిగింది మంజులత.

“గ్రహణానికీ దీనికీ సంబంధం లేదమ్మా.”

ఊరికి తిరిగొచ్చే కట్టంగూరు బస్సులో స్వప్న తల్లి ఒళ్ళో నిద్రపోయింది. మంజులతకు చనిపోయిన మామ గుర్తొచ్చాడు. నలభై దాటాడో లేదో, ఎదుటి మనిషిని గొంతును బట్టి పోల్చుకునేవాడు. చుట్టపొగకు కళ్ళు పోయాయన్నారంతా. మగవాడి కళ్ళు పొగకు పోతాయి, ఆడపిల్ల కళ్ళు మాత్రం తల్లి పాపానికి పోతాయి!

రామచంద్రం గొంతు తగ్గించాడు. “గీ ముచ్చట ఇంట్ల ఎత్తకు. మా చెల్లె సుగుణ సంబంధం కుదిరేటట్టున్నది. ఎట్లాగూ తప్పు నీ పేరు మీద ఉన్నదే గద, గట్లనే ఉండనీ.”

ఉండనీ! ఆమె పేరేమన్నా వాళ్ళింటి వెనక కొట్టమా, పనికిరాని సామానంతా తెచ్చి పడేయడానికి? రెండేళ్ళలో ఒక్కనాడు, ఒక్క పూట, ‘చాయ్ నేనే అడిగిన అమ్మా’ అనలేదు ఈ మనిషి. తడిచీరతో వణుకుతుంటే చూస్తూ బువ్వ తిన్నాడు. ఇప్పుడు చెల్లెలి పెళ్ళి కోసం ఇంకా మోయమంటున్నాడు. ఆ చెల్లెలి కళ్ళ సంగతి అతనికి తట్టనే లేదు. కోపంతో ఒళ్ళంతా కాలిపోతుంటే మంజులత కిటికీ వైపు తిరిగింది.

గడపలోనే కృష్ణమ్మ ఎదురొచ్చింది. “ఏమన్నరు?”

“పుట్టుకతోటి వచ్చిందట,” అన్నాడు రామచంద్రం.

“నేను జెప్పలే? తల్లిదే...”

“సుగుణా,” అంది మంజులత, అత్తను దాటి లోపలున్న ఆడబిడ్డను చూస్తూ. “రేపు నాతోని పట్నం రా. నీ కండ్లు చూపియ్యాలె.”

“నాకేమైంది వదినె?”

“ఏం కాకపోవచ్చు. మీ అన్నకూ ఏం కాలే. కాని స్వప్నకొచ్చింది మీ అన్న నుంచే. నీకూ ఉండొచ్చన్నరు.”

“నోర్ముయ్!” కృష్ణమ్మ అరిచింది. “ఇనవడితే సంబంధం పోతది. నా కొడుకు మీద పెడతానవే?”

“నేను పెడతలేను అత్తమ్మా. పరీక్ష చేసి చెప్పిన్రు.” మళ్ళీ సుగుణ వైపు తిరిగింది. “రేపు నీ బిడ్డకు గిట్లయితే, గా ఇంట్లోళ్ళు నువ్వేం తప్పు జేసినవని దేవులాడుతరు. ఏం లేకున్నా ఒకటి పట్టుకస్తరు. తెలుసుకునే పో, బిడ్డా.”

సుగుణ అన్న ముఖంలోకి చూసింది. రామచంద్రం చెప్పులు విడుస్తూ వంచిన తల ఎత్తలేదు, అబద్ధమనీ అనలేదు.

“పెండ్లయినంక చూపిచ్చుకోవచ్చు, లోపలికి నడువు,” అంటూ కృష్ణమ్మ కూతురి రెక్క పట్టి లాగింది.

సుగుణ విడిపించుకుంది.

“పొద్దుగాల ఫస్టు బస్సు ఎన్నింటికి, వదినె?”