నడుమ పడిన బంతి

నేను ఒక పేడెల్ బ్యాట్‌ని. ఆ ఆట పేరు మీరు వినకపోతే సిగ్గుపడకండి, పరంధామయ్య గారూ వినలేదు. నన్ను మొదటిసారి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "దీని తీగలేవమ్మా?" అని కూతుర్ని అడిగారు. నాకు తీగలుండవు. పొట్టి పిడి, గట్టి పలక, పలక నిండా చిల్లులు. బూరెలు దేవే చిల్లుల గరిటెకి చెల్లెలినని వెక్కిరించినవాళ్ళూ ఉన్నారు. ఎక్కడో ఫ్యాక్టరీలో కార్బన్ నార గుడ్డని జిగురులో తడిపి, కడుపులో నురుగు కూరి, అచ్చులో ఉడికించి నన్ను తీశారు. చిల్లులు ఆఖర్న పొడిచారు. ఆ నొప్పి సంగతి చెప్పి మిమ్మల్ని విసిగించను.

నన్ను కొన్నది మృదుల, పరంధామయ్య గారి ఒక్కగానొక్క కూతురు. నా జంటని భర్త కిరీటికి ఇచ్చింది. హైదరాబాదులో వాళ్ళ అపార్టుమెంటు వెనకే అద్దాల గోడల కోర్టు ఉంది. గట్టిగా బాదడం ఆమెకి చేతకాదు. బంతిని మెత్తగా ఎత్తి, అవతలివాళ్ళ తలల మీదుగా వెనక అద్దం దగ్గర పడేసేది. ఇద్దరి నడుమ పడిన ప్రతి బంతికీ "నాది" అని అరిచి తనే వెళ్ళేది. ఆషాఢంలో వచ్చిన జ్వరం తొమ్మిది రోజుల్లో ఆమెని తీసుకుపోయింది. బీరువా మీద నేను నాలుగు నెలలు దుమ్ము తిన్నాను.

కార్తీకంలో కోచ్ యాకూబ్ మామకీ అల్లుడికీ ఫోన్ చేశాడు. "నాయినకీ ఆయనకీ కలిపి జ్వరానికి ముందే పది ఆదివారాలు రాయించింది సార్ మేడమ్. వస్తరా?" చనిపోయిన పిల్ల మాట, కాదనడానికి ఇద్దరికీ నోరు రాలేదు. అలా నేను పరంధామయ్య గారి చేతికి వచ్చాను.

ఆటోలో ఆయన నన్ను ఒళ్ళో పెట్టుకుని గొణిగేవారు. "పది ఆదివారాలమ్మా. ఆ తర్వాత ఏ వంకతో పిలవను ఆ అబ్బాయిని?" భార్య ఏనాడో పోయింది, ఇప్పుడు కూతురూ పోయింది. కూతురు లేని అల్లుడు ఏమవుతాడో, ఏమీ కాకుండా పోతాడో ఆయనకి తెలీదు. అడిగే ధైర్యమూ లేదు. ఆయనకి ఆట మీద ఆశ లేదు, ఆ అబ్బాయి మీదే ఉంది.

పాఠాలు తేలికైనవే. నా తాడు మణికట్టుకి తగిలించుకోవాలి, లేకపోతే నేను ఎగిరి ఎవరి పళ్ళో రాలగొడతాను. మొదటి బంతిని నేలకి కొట్టి, నడుము కిందనుంచి మెత్తగా అవతలికి పంపాలి. మన వైపు వచ్చిన బంతి నేల మీద ఒకసారి పడి వెనక అద్దానికి తగిలినా బతికే ఉంటుంది. రెండోసారి నేల తాకిందా, చచ్చినట్టే.

"ఉరకొద్దు సార్. అద్దానికి తగలనియ్యండి, అదే వాపసొస్తది," అనేవాడు యాకూబ్. దాటిపోయినది తిరిగొస్తుందని నమ్మడం పరంధామయ్య గారికి చాలా కష్టమైంది.

అసలు చిక్కు నడుమ పడే బంతితో వచ్చింది. ఎవరో ఒకరు "నాది" అనాలి. కాళ్ళు కడిగి పిల్లనిచ్చిన అల్లుడి ముందు అలా అరవడమా అని మామగారు వెనక్కి తగ్గేవారు. పెద్దాయన ముందు గొంతెత్తడం కిరీటి పెంపకంలో లేదు, అతనూ తగ్గేవాడు. "మీరు తీసుకోండి మామయ్యగారూ." "అబ్బే, మీదే అల్లుడుగారూ." వాళ్ళ మర్యాదల మధ్య బంతి రెండు దెబ్బలు పడి చచ్చేది. నాకు ఒళ్ళు మండేది.

నాలుగో ఆదివారం పొద్దున మంచు పట్టి అద్దాలు తెల్లబడ్డాయి. యాకూబ్ వేసిన బంతి నడుమ పడింది. ఇద్దరూ తగ్గారు. బంతి అద్దానికి తగిలి వెనక్కి వచ్చింది. టప్ మని మెత్తటి చప్పుడు. బంతి ఎత్తుగా లేచి, యాకూబ్ తల మీదుగా వెళ్ళి అవతలి అద్దం దగ్గర పడింది.

"మస్తుంది. ఎవరు కొట్టిన్రు?"

"మా అల్లుడుగారే," అన్నారు ఈయన. "కాదు, మామయ్యగారు," అన్నాడు అతను. ఎదుటివాడు వినయానికి పోతున్నాడని ఇద్దరూ మురిసిపోయారు.

నేను ఆయన మోకాలి పక్కన వేలాడుతున్నాను. నా జంట కిరీటి రెండు చేతుల్లో గుండెల దగ్గర ఉంది. దెబ్బ తగిలితే మాకు తెలీదా? మా ఇద్దరికీ తగల్లేదు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం అదే తంతు. తలల మీదుగా ఎత్తే ఆ దెబ్బ యాకూబ్‌కి తెలుసు, మృదులకి నేర్పింది అతనే. ఆరోవారం నుంచి ఎవరు కొట్టారని అడగడం మానేశాడు. ఆట అయ్యాక కోర్టు గడ్డి తివాచీ మీద చల్లి ఉండే సన్నటి ఇసుకని చీపురుతో సర్దడం అతని పని. అటొక జత పెద్ద అడుగులు, ఇటొక జత. నడుమ చిన్నవి. చీపురు అక్కడిదాకా తెచ్చి, వాటిని తాకకుండా పక్కకి తిప్పేవాడు. నాకు భయమేసింది. ఆమె చేతిలో ఏడాది ఉన్న దాన్ని, నాకే.

పదో ఆదివారం వచ్చింది. పరంధామయ్య గారు అల్లుణ్ణి నాలుగు మంచి మాటలతో సాగనంపుదామనుకున్నారు.

"ఆ నడిమి బంతులన్నీ మీరే కాశారు బాబూ. నేనొక్కటీ ముట్టలేదు."

కిరీటి తెల్లబోయాడు. "నేనూ ముట్టలేదండీ. మీరే అనుకున్నాను."

ఇద్దరూ యాకూబ్ వైపు తిరిగారు. అతను తల ఎత్తకుండా బంతులు ఏరుతున్నాడు. "నాకెరికే సార్. చెప్తే మీరు రారని చెప్పలే."

పరంధామయ్య గారు నన్ను ఆ బంతుల వైపు చాపారు. "ఇంకొక్కటి వెయ్యి నాయనా. నడుమకి."

ఈసారి ఇద్దరూ కావాలనే పక్క అద్దాలదాకా జరిగారు. బంతి పడింది, అద్దానికి తగిలింది, వచ్చింది. టప్. అది ఎటు పోయిందో ఎవరూ చూడలేదు. కిరీటి ఆ ఖాళీ చోటునే చూస్తూ ఏడుస్తున్నాడు. పరంధామయ్య గారు మాత్రం ఎప్పటి గొంతుతోనే, "చలిగా ఉందమ్మా, స్వెట్టరు వేసుకోవాల్సింది," అన్నారు.

యాకూబ్ పుస్తకం తెరిచాడు. "పది అయిపోయినయ్ సార్."

ఆయన నా తాడు విప్పుకోబోయారు. ముడి రాలేదు. పది వారాలుగా భయపడింది ఈ నిమిషానికే. అడగలేక తల దించుకున్నారు. కిరీటి వచ్చి, ఆ ముడి తనే విప్పి, నన్ను తన సంచిలో పెట్టుకున్నాడు.

"వచ్చే నెలకి రాసుకో యాకూబ్."

"ఎంతమంది సార్?"

"ముగ్గురం," అన్నాడు కిరీటి.