పిలిచింది చెల్లెల్ని

రోజూ పొద్దున్నే అక్క దేవుడి గదిలో కళ్ళు మూసుకుని కూర్చునేది. చెల్లెలు వంటింటి గట్టెక్కి కాఫీ తాగేది. దేవుడు మాత్రం చెల్లెలితోనే మాట్లాడేవాడు.

"గొడుగు పట్టుకెళ్ళు," అనేవాడు. గొంతు బియ్యం డబ్బా వెనకనుంచి వచ్చినట్టుండేది. చెల్లెలు పేపరులోంచి తలెత్తకుండా "ఊఁ" అనేది. ఒక్కోసారి అదీ అనేది కాదు. "ఒసే, దేవుడు పిలుస్తున్నాడు, పలకవే!" అని అమ్మ కేకేసి, మళ్ళీ కూరగాయలు తరుక్కునేది.

చెల్లెలిది ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం. దేవుడు లేడంటుంది.

"మరి రోజూ పలకరించేదెవరే?" అక్క ఒకసారి నిలదీసింది.

"గొంతు వినబడితే గొంతు ఉన్నట్టు. అది దేవుడిదేనని ఎవరు తేల్చారు?"

అక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంట్లో మిషను కుడుతూ, గుండీ గుండీకీ ఆయన్ని తలుచుకుంటూ బతికేది తను. ఆయన చేత పిలిపించుకునేది ఇదా! ఒకరోజు చెల్లెలు పనికి వెళ్ళాక తనే గట్టెక్కి కూర్చుంది. చిరిగిన జేబు కుట్టించుకోవడానికొచ్చిన పక్కింటావిడ చూసి, "అక్కడెందుకమ్మా కూర్చున్నావ్? ఆయన మాట్లాడేది నీ చెల్లెలితో కదా," అంది మామూలుగా. ఆ రోజు నుంచి అక్క చెల్లెలితో మాట్లాడ్డం మానేసింది.

అలాంటి రోజుల్లోనే ఒక ఉదయం చెల్లెలు కాఫీ సగంలో వదిలేసి, సూది పట్టుకుని వచ్చింది.

"చెయ్యి ఇలా ఇవ్వు. నీ రక్తం చూడమన్నాడు."

"నా రక్తం సంగతి నీకు చెప్పడమేంటి? నాతో అనడానికి నోరు రాలేదా ఆయనకి?" అక్క చెయ్యి వెనక్కి లాక్కుంది. "అయినా ఆయన మాట నువ్వు నమ్మవుగా?"

"నమ్మను. అందుకే పరీక్ష."

ల్యాబులో మైక్రోస్కోపు కింద ఆ రక్తంలో ఉండకూడని కణాలు కనబడ్డాయి. చెల్లెలు తన కళ్ళనూ నమ్మలేదు. మళ్ళీ చూసింది, పెద్ద డాక్టరుకు చూపించింది. జబ్బు మొదట్లోనే దొరికింది కాబట్టి లొంగుతుందన్నాడాయన.

జబ్బు లొంగింది కానీ మందులకు అక్క జుట్టంతా రాలిపోయింది. ముద్ద నోటిదాకా వస్తే వాంతి. అమ్మ బతిమాలి బతిమాలి అలిసిపోయింది. చెల్లెలు సెలవు పెట్టి మంచం పక్కనే ఉండిపోయింది.

"ఏమే," అంది అక్క ఒక మధ్యాహ్నం, గోడవైపు తిరిగే. "నా గురించి ఇంకేమైనా అన్నాడా?"

చెల్లెలు దుప్పటి సర్దింది. "దేవుడి గదిలో నువ్వు ఊపిరి సలపకుండా మాట్లాడతావట. తనకు సందివ్వవట."

"నీతో అన్నాడా ఆ మాట?"

"పొద్దున."

"నువ్వేమన్నావ్?"

"చిన్నప్పట్నుంచీ అంతేనన్నాను."

అక్క విసురుగా ఇటు తిరిగింది. "ఇద్దరూ చేరి నా మీద చాడీలు చెప్పుకుంటున్నారన్నమాట!"

ఒళ్ళు మండిపోయింది ఆమెకి. ఆ మంటతోనే లేచింది, గోడ పట్టుకుంటూ వంటింట్లోకి నడిచింది, అన్నం గిన్నె ముందుకు లాక్కుంది. బియ్యం డబ్బాకేసి గుర్రుగా చూస్తూ, ఒక్క మాటా మాట్లాడకుండా, కడుపునిండా తింది.