కారాతల్ వైపు తాళం

కనుమ మీద కొండచరియ విరిగిపడి కారాతల్ ఊరికి వెళ్ళే ఫోను కేబులు తెగింది. తెగితే తెగింది, కొండల్లో అదేమంత వింత? అందుకేగా నరీన్ నది వెంట రెండో కేబులు వేసి పెట్టింది! మొదటిది తెగిన మరుక్షణం, మనిషి చెయ్యి పడకుండానే, మాటలన్నీ రెండోదాని మీదికి మారిపోవాలి. మారలేదు.

పట్నం టెలిఫోను స్టేషన్‌లో లైన్లు చూసేది దోలోత్. అతని చెల్లెలు ఉల్కాన్ కారాతల్ ఆసుపత్రిలో ఉంది. పొద్దున కాన్పయింది. బిడ్డ బాగానే ఉంది, తల్లికే నెత్తురు ఆగడం లేదు. అక్కడున్నది ఒక్క కొత్త నర్సు. రెండు ఆసుపత్రుల మధ్యా ఎప్పుడూ తెరిచి ఉండే పాత ఫోనులో, పట్నం నుంచి ఝానిల్ డాక్టరు ఒక్కో పనీ చెప్పి చేయిస్తుండగా లైను పోయింది. దారి మంచుతో మూసుకుపోయింది. మబ్బు విడిస్తే గాని హెలికాప్టరు లేవదు. కారాతల్ సెల్‌ఫోన్లూ ఆ కేబులు మీదే బతుకుతాయి.

రెండో కేబులు కొలిచి చూశాడు. గాజు తీగలో వెలుగు నిక్షేపంలా వస్తోంది. లైను పెట్టెలో కార్డు పీకి మళ్ళీ పెట్టాడు. తీగ కొన తుడిచాడు. మారమని ఆజ్ఞ మీద ఆజ్ఞ పంపాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. చివరికి తెర మీద కారణం కనపడింది. అవతలి కొసన రెండో కేబులుకు తాళం వేసి ఉంది. మరమ్మతు చేసేటప్పుడు మాటలు దాని మీదికి రాకుండా వేసే తాళం అది. దూరం నుంచి దాన్ని తీసే దారి కూడా తెగిన కేబులుతోనే పోయింది. తాళం పడి ఉందనడానికి గుర్తుగా ఆకులు రాలే కాలం నుంచీ ఇక్కడ ఒక పసుపు దీపం వెలుగుతూనే ఉంది. ఆ గదిలో పసుపు దీపాలకేం కొదవ? ఎవడు పట్టించుకున్నాడు!

"మాంబెత్ అన్నా, ఆకులు రాలేటప్పుడు కారాతల్ వెళ్ళి కార్డు మార్చాం కదా, ఆ తాళం మనం తియ్యలేదా?"

పెద్ద మెకానిక్కు మాంబెత్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"తియ్యలేదు. కార్డు మారుస్తుంటే ఫోనొచ్చింది, మీ నాన్న పోయాడని."

"నాకు చెప్పలేదే."

"ఎలా చెప్తానురా? పెద్దలందరూ కూర్చుని చెప్పాల్సిన మాట అది. దారిలో నోరు జారితే నన్నో మనిషంటారా? ‘నాన్నకి కాస్త నలతగా ఉందట, పద’ అని నీతో అన్నాను. అన్నీ చూశావా అనడిగావు. చూశాననేశాను."

దోలోత్‌కు ఆ ప్రయాణం గుర్తుంది. దారి పొడుగునా మాంబెత్ జోకులేసి నవ్వించాడు. ఆ మర్యాదకు ఈ ముసలాయన్ని జన్మలో మరిచిపోకూడదనుకున్నాడు తను. ఇప్పుడా మర్యాదను ఏం చేసుకోవాలి?

"అక్కడెవరన్నా ఒక్క మీట నొక్కితే చాలు కదా," అన్నాడు మాంబెత్.

"ఎవరికి చెప్తావు? ఏ ఫోన్లో చెప్తావు?"

ఉన్నది ఒకటే ఉపాయం. కారాతల్‌లోని లైను పెట్టె తన మాటల్ని ఎప్పుడూ రెండు కేబుళ్ళ మీదా పంపుతుంది. వినడం మాత్రం, తాళం ఉన్నంతసేపూ, మొదటిదాన్నే వింటుంది. దోలోత్ రెండో కేబులు తీగ లాగి మొదటిదాని గూట్లో గుచ్చాడు. కేబులు తెగినప్పటి నుంచీ వెలుగుతున్న ఎర్రదీపం ఆరింది. పరీక్ష ఫోను చెవికి పెట్టుకున్నాడు.

"డాక్టరమ్మా, వినపడుతోందా? గుడ్డలన్నీ తడిసిపోయాయి. ఇప్పుడేం చెయ్యమంటారు?" నర్సు గొంతు.

వెంటనే సెల్‌ఫోను మోగింది. ఝానిల్ డాక్టరు.

"దోలోత్, ఆ పిల్ల నాకు వినపడుతోంది. నేనిక్కడ గొంతు చించుకుంటున్నా. తనకెందుకు వినపడదు?"

"మాట ఇటు వస్తుందమ్మా. అటు పోదు."

"ఏదో ఒకటి చెయ్యవయ్యా. పిడికిలి లోపల పెట్టి, రెండో చేత్తో పైనుంచి గట్టిగా అదమాలి. ఆ ఒక్క మాట చెప్తే చాలు."

"నా చేతిలో ఇంకేం లేదమ్మా," అన్నాడు దోలోత్. మాంబెత్ గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

ఫోనులో నర్సు ఏడుస్తోంది. "అటువైపు ఎవరూ లేరక్కా. పెట్టేస్తా."

"పెట్టకమ్మా." ఉల్కాన్ గొంతు, నూతిలోంచి వచ్చినట్టు. "మా అన్న స్టేషన్లోనే ఉంటాడు. లైను బాగుచేస్తాడు. వింటూనే ఉంటాడు."

దోలోత్ విన్నాడు. బిడ్డ ఏడుపు విన్నాడు. బిడ్డకు ఏ పేరు పెట్టాలో చెల్లెలు నెమ్మదిగా చెప్పడం విన్నాడు. ఆ తరవాత నర్సు ఒక్కత్తే మాట్లాడింది.