లోపలికంటా

ఏం కాదు అనే మాటకి అసలు అర్థమంటూ ఏమైనా మిగిలిందా, పొద్దున్నించి డెబ్భైసార్లు అనుంటాను, సూది చూసి కళ్ళు మూసుకున్నవాళ్ళకీ మూసుకోనివాళ్ళకీ ఒకటే పాట, ఏం కాదు, చెయ్యి వదులుగా పెట్టండి, అయిపోయింది, దూది నొక్కి పట్టుకోండి, అరగంట బయట కూర్చుని వెళ్ళండి, తరవాత ఎవరు, ఈ ఒకటో తరగతి పిల్లల కుర్చీలో నా నడుము రెండుగా విరిగేట్టుంది, కరోనాకి బడి మూసి ఏడాది దాటినా గోడమీద రెండో ఎక్కం అలాగే ఉంది, రెండు నాలుగులు ఎనిమిది, రెండు అయిదులు పది, సీసాకి పది డోసులు, ఒకసారి తెరిస్తే నాలుగు గంటల్లోగా పది చేతులు దొరకాలి, దొరక్కపోతే పారబొయ్యాలి, మొదటి నెలలో ఎన్ని పారబోశామో తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది, మాస్కులో నా ఊపిరి నాకే వేడిగా తగులుతోంది, కుర్చీలో కూర్చున్న దర్జీ రేపు కత్తెర పట్టుకోగలనా అమ్మా అంటున్నాడు, ఇది వేయించుకుంటే రెండేళ్ళలో పోతారట కదా అని అడిగి, మళ్ళీ తనే, పోన్లే, ఈ రోజుల్లో రెండేళ్ళు గ్యారంటీ మాత్రం ఎవడిస్తున్నాడు అని నవ్వేశాడు, నాకూ నవ్వొచ్చింది, ఎన్నాళ్ళయిందో నవ్వి, ఆ నవ్వుతోనే తలెత్తాను, తలుపు దగ్గర వరసలో అక్క నిలబడి ఉంది.

మా అక్కే, నాకంటే ఆరేళ్ళు పెద్దది, సూది వేయించుకోను గాక వేయించుకోను అని వీధి వీధంతా వినేలా చెప్పిన మా అక్క, ఎందుకొచ్చింది, చేతిలో ఫోను గట్టిగా పట్టుకుని నావంక చూసి కళ్ళతోనే పలకరించింది, ఆ పలకరింపే నేను తట్టుకోలేనిది, తిట్టినా బాగుండేది, బావ పోయిన ఈ పదకొండు నెలల్లో నన్ను ఒక్క మాట అనలేదు, పైగా వెనకేసుకొస్తుంది, నువ్వేం చేస్తావే, వాళ్ళిచ్చిన పుల్ల ముక్కులో పెట్టావు, ఆ పరీక్షే బోగస్సు అంటుంది, ముప్ఫై ఇళ్ళ వీధి అది, మా ఆస్పత్రివాళ్ళు రెండు విడతలు గడపగడపా తిరిగితే సూదికి ఆరుగురొచ్చారు, మిగతా అందరిదీ అక్క మాటే, మా చెల్లెలి చెయ్యి పొరపాటు పడే చెయ్యి కాదు, అలాంటిది అది చేసిన పరీక్షే తప్పు చెబితే ఇంక ఈ సూదుల్ని ఏం చూసి నమ్మమంటారు, అని, నిజానికి వాదన బాగానే ఉంది, అందులో ఒక్కటే తప్పు, నా చెయ్యి.

తరవాత, మాస్టారొకాయన, ఏ కంపెనీది, ఎక్కడ తయారైంది, సీసా మీద తేదీ చూపించమన్నారు, చూపించాను, కళ్ళజోడు తెచ్చుకోలేదు నువ్వే చదువు అన్నారు, చదివాను, అవతల బల్ల దగ్గర కంప్యూటరమ్మాయి ఓటీపీ చెప్పండి ఓటీపీ చెప్పండి అని అరుస్తోంది, ఓటీపీ చెప్తే బ్యాంకులో డబ్బు పోతుందని ఒకావిడ ఫోను కొంగులో దాచుకుంది, ఎవర్ని అని ఏం లాభం, అందరికీ భయం, నాకు మాత్రం లేదా, మాస్టారికి వేసి సీసా వెలుతురులో ఎత్తి చూశాను, ఇంకొక్క డోసు ఉంది, మాస్టారి వెనక అక్కే.

బావకి పరీక్ష చేసిన రోజు కూడా ఇలాగే వరస, ఆస్పత్రి పక్కన వేసిన టెంటులో, నలభైమంది, బావ బస్సు డ్యూటీ దిగి సరాసరి వచ్చాడు, ఖాకీ చొక్కా, గొంతు నొప్పి, కాస్త ఒళ్ళు నొప్పులు, ముక్కులో పుల్ల పెట్టబోతే, ఏం మరదలా, నాకు ముక్కు కుడుతున్నావా, పుడక నువ్వే కొనిపెట్టాలి మరి, అన్నాడు, పెళ్ళయిన రోజునుంచీ ఆయనంతే, నన్ను నవ్వించకుండా మా గుమ్మం దాటేవాడు కాదు, పుల్ల కాస్త లోపలికి వెళ్ళగానే కళ్ళలో నీళ్ళు, నా మణికట్టు పట్టుకున్నాడు, అమ్మో నొప్పే తల్లీ అన్నాడు, నేను నవ్వుతూ బయటికి తీసేశాను, వెనకదాకా వెళ్ళాలి, తిప్పాలి, పది లెక్కపెట్టాలి, నేను మూడు లెక్కపెట్టాను, పరాయివాడైతే తల పట్టుకుని మళ్ళీ పెట్టేదాన్ని, బావ కదా, ఏం కాదులే బావా అని పుల్ల విరిచి గొట్టంలో పడేసి మూత బిగించాను, రెండో రోజు నెగెటివ్ అని మెసేజి వస్తే అందరికంటే ముందు నేనే అక్కకి ఫోను చేశాను, నెగెటివే అక్కా, ఏం కాదు, ఉత్త జలుబు, అన్నాను, ఆ మాట పట్టుకుని ఆయన మరో మూడు రోజులు బస్సు తోలాడు, తొమ్మిదో రోజుకి లేడు.

సరిగ్గా తీసినా ఒక్కోసారి దొరకదమ్మా అని పెద్ద డాక్టరుగారు ఏదో సందర్భంలో అన్నారు, ఆ ముక్క పట్టుకునే ఇన్నాళ్ళూ నెట్టుకొస్తున్నాను, కావచ్చు, దొరక్కపోయేదేమో, కాని నేను సరిగ్గా తియ్యలేదు, మింగలేక కక్కలేక పదకొండు నెలలు, కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని ఊరుకున్నాను, అలిసిపోయాను, పనివల్ల కాదు, అక్క నన్ను నమ్ముతున్నందువల్ల.

అక్క కూర్చుంది, పిల్లల కుర్చీ కిర్రుమంది, ముందుకి వంగి నాకు మాత్రమే వినపడేలా, మా ఫ్యాక్టరీలో సోమవారంనుంచి సూది సర్టిఫికెట్ లేకపోతే లోపలికి రానివ్వరట, ప్యాకింగ్ సెక్షన్ మొత్తానికి చెప్పేశారు, చెల్లెలివి కదే, గుచ్చకుండా గుచ్చానని రాయించెయ్ అంది, ఆ సూది ఎటో పిచికారీ కొట్టెయ్, ఎవరు చూడొచ్చారు, అంది, మాట మాటకీ మధ్య ఊపిరి పీలుస్తోంది, చిన్నప్పటినుంచీ ఉబ్బసం, మందు గొట్టం సంచిలో లేనిదే గడప దాటదు, ఈ జబ్బు తగిలితే అక్క మిగలదు, ఆ సంగతి నాకు తెలుసు, తనకీ తెలుసు, చివరి డోసు సిరంజిలోకి లాగాను, నిజంగా ఎవరూ చూడరు, పక్కనే చెత్తబుట్ట, ఒక్కసారి వేలు నొక్కితే చాలు, అక్క సంతోషంగా వెళ్ళిపోతుంది, అక్కకి నొప్పి ఉండదు, నాకూ ఉండదు, సరిగ్గా ఇదే కదా ఆ రోజు నేను చేసింది.

అక్కా, ఆ రోజు బావకి పుల్ల లోపలికంటా పెట్టలేదు నేను, అన్నాను.

అక్క అర్థం కానట్టు చూసింది, పరీక్ష తప్పు కాదక్కా, నేనే సరిగ్గా తియ్యలేదు, అన్నాను, మాస్కు తడిసి మూతికి అంటుకుపోయింది, అక్క ఎక్కం గోడవంకే చూస్తూ, ఎంతదాకా పెట్టాలి అని అడిగింది, ముక్కునుంచి చెవివైపు సగం దూరం వేలితో నా ముఖంమీదే చూపించాను, నువ్వెంత పెట్టావు, వేలి గోరంత చూపించాను, ఎందుకని, నొప్పి పుడుతోందన్నాడక్కా, అక్క పెదవులు మాస్కు వెనక కదిలాయి, ఏమందో వినపడలేదు, బావని పిలిచిందో నన్ను తిట్టిందో, లేచి వెళ్ళిపోతుందనుకున్నాను, వెళ్ళిపోయినా ఆపేదాన్ని కాదు, అవతలనుంచి ఓటీపీ చెప్పండమ్మా అని కంప్యూటరమ్మాయి అరిచింది, అక్క ఫోను దూరంగా పట్టుకుని ఆరంకెలూ విడివిడిగా చదివింది, భుజంమీద బట్ట పైకి జరిపింది, నావంక చూడకుండా, ఈసారైనా లోపలికంటా దింపు, అంది.

నొప్పి పుడుతుందక్కా, అన్నాను, పుట్టనీ అంది, సూది మొదలంటా దింపాను, తను కదల్లేదు, దూది అందుకుని బయటికి వెళ్ళి కిటికీకి వీపు పెట్టి కూర్చుంది, ఇంక ఎప్పటికీ నాతో మాట్లాడదేమో, మాట్లాడకపోయినా ఆ వీపు అరగంటసేపు అక్కడే ఉంటుంది, ఊపిరి తీస్తూ ఉంటుంది, ఆ రోజు ఏం కాదు అన్నది బావకి ధైర్యం చెప్పడానికి కాదని, నా చెయ్యి ఆపుకోవడానికి నాకు నేను చెప్పుకున్న మాటని, ఇంత చిన్న సంగతి తెలియడానికి నాకు పదకొండు నెలలు పట్టింది, కొత్త సీసా తెరిచాను, తరవాత ఎవరు, ఫోను కొంగులో దాచుకున్నావిడ వచ్చి కూర్చుని, ఏం కాదు కదమ్మా, అని అడిగింది, నొప్పి పుడుతుంది, రేపు జ్వరం కూడా రావచ్చు, చెయ్యి వదులుగా పెట్టండి, అన్నాను.