వంటల సీడీ

"జర ఖాళీగున్నవా?" అని తిరుపతి అడిగేసరికి సౌజన్య కుడిచెయ్యి మణికట్టు దాకా దోసెల పిండిలో ఉంది. ఎడమచెయ్యి పొయ్యి మీది పాలకు కాపలా కాస్తోంది. ఆ ఇంట్లో ఆ మాట ప్రశ్నలాగే వస్తుంది గాని, జవాబు కోసం ఆగే అలవాటు ఎవరికీ లేదు. పెళ్లయిన పదకొండేళ్ల నుంచీ ఆమె ఖాళీగానే ఉంది. వంట చేస్తూ ఖాళీగా ఉంది. అత్తగారి మోకాళ్లకు నూనె రాస్తూ ఖాళీగా ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ ఇంటి ముందుగదిలో తిరుపతి నడిపే మ్యారేజ్ బ్యూరోకు ఆరేళ్లలో ఆరువేల మంది పెళ్లికూతుళ్ల, పెళ్లికొడుకుల వివరాలు కంప్యూటర్లోకి ఎక్కిస్తూ కూడా ఖాళీగానే ఉంది. వచ్చినవాళ్లకు తిరుపతి ఆమెను చూపించే తీరే అది. "మా మిసెస్. ఇంట్ల ఖాళీగుంటది కద, జర వచ్చి కూసుంటది."

నల్లగొండ మహిళా కాలేజీలో కంప్యూటర్లు తీసుకుని బీఎస్సీ చదివిన సంగతి పెళ్లిచూపుల కాగితంలో రాశారు. ఆ తర్వాత ఆ కాగితం అవసరం ఎవరికీ పడలేదు.

సౌజన్య పాల కింద మంట సన్నం చేసి, చెయ్యి కడుక్కుని కొంగుకు తుడుచుకుంది. "ఏందట?"

"శ్రీకర్ ఫోన్ల ఉన్నడు. కంప్యూటర్ ముంగట జర కూసో."

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు డిపోల్లో ఉన్నాయి. సింగరేణిలో బొగ్గు ఆగిపోవడంతో కరెంటు అలిగిన చుట్టంలా వచ్చిపోతోంది. మొన్న గురువారం మధ్యాహ్నం పోయి, రెండు నిమిషాల్లో వచ్చి, కూర్చోకుండానే మళ్లీ పోయింది. బ్యాటరీ ఎప్పుడో చచ్చిన యూపీఎస్ ఒక్క కూత కూసింది. ఆ కూతతో కంప్యూటర్లోని డిస్క్ కూడా పోయింది. నిన్న షాపతను వచ్చి కొత్త డిస్క్ బిగించాడు, ప్రోగ్రాం మళ్లీ ఎక్కించాడు, "బ్యాకప్ ఉన్నది కద సార్, అండ్లకెల్లి వాపస్ తెచ్చుకోండి" అని చెప్పి పోయాడు. రేపు ఆదివారం ఎల్బీనగర్ ఫంక్షన్ హాల్లో వధూవరుల పరిచయ వేదిక. మూడొందల కుటుంబాలు ఆటోలు మాట్లాడుకుని మరీ వస్తున్నాయి. వాళ్లకు పంచాల్సిన జాబితాలన్నీ కంప్యూటర్‌కు విడిగా తగిలించే బయటి డిస్కులోని ఆ బ్యాకప్ ఫైల్లో ఉన్నాయి. దరఖాస్తు కాగితాలేమైనా ఉన్నాయా అంటే, "అంతా కంప్యూటర్ల ఉన్నది కద, ఈ చెత్తెందుకు" అని పోయిన దీపావళికి తిరుపతే పాత పేపర్లవాడికి తూకానికి ఇచ్చేశాడు. ఆ తర్వాతవీ కంప్యూటర్లోకి ఎక్కగానే అటే పోతున్నాయి. మిగిలినవి ఈ వారం వచ్చిన, ఇంకా ఎక్కించని ఇరవై మూడు.

సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీ తరఫున సాయం చెయ్యాల్సిన శ్రీకర్‌ది భీమవరం, ఉండేది మాదాపూర్. బంద్ రోజున అక్కడినుంచి ఇక్కడికి రావడం కంటే భీమవరం వెళ్లడం తేలికని అతనే చెప్పాడు. కాబట్టి ఏర్పాటు ఇలా కుదిరింది. ఫోను తిరుపతి చెవి దగ్గర, కీబోర్డు సౌజన్య చేతి కింద.

"ఏమంటున్నడంటే, రిస్టోర్ నొక్కుమంటున్నడు."

"నొక్కిన. గదే పేరు మీద ఖాళీ డేటాబేస్ ఒకటి ముందే ఉన్నదట. దాన్ని జరపకుంట మనదాన్ని రానియ్యదట."

తిరుపతి గొంతు సవరించుకుని ఫోన్లోకి చెప్పాడు. "శ్రీకర్ గారూ, నేను చూస్తున్న గద. అదే పేరు మీద ఖాళీది ఒకటి కూసున్నది. గందుకే రానిస్తలేదు."

"భలే పట్టేశారండి సార్!" అన్న మాట ఫోన్లోంచి గదంతా వినిపించింది.

కిటికీలోంచి బస్సు సీటు మీద రుమాలు వేసినట్టు, కొత్త ప్రోగ్రాం ఎక్కుతూనే ఒక ఖాళీ డేటాబేస్‌ను అక్కడ వేసి పెట్టుకుంది. రుమాలు తీసి మనిషిని కూర్చోబెట్టమని చెప్పాలి. శ్రీకర్ చెప్పి, అది తిరుపతి నోట్లో నలిగి తన దాకా వచ్చేలోపే, పాతదాని మీదే ఎక్కించమన్న గడిలో సౌజన్య టిక్కు పెట్టేసింది. మళ్లీ నొక్కింది.

ఈసారి ఎర్ర గుర్తుతో ఇంకో మాట వచ్చింది. ఈ బ్యాకప్ రెండు ముక్కలుగా తీశారు, మీరు ఒకటే ఇచ్చారు, రెండోది ఏది, అని.

ఆమెకు అనుమానం ఇందాకే వచ్చింది. బయటి డిస్కులో ఆ ఫైలు పక్కన కనిపించే సైజు చూసినప్పుడే. నాలుగు నెలల కిందట, బ్యాకప్ తను తీసే రోజుల్లో, ఆ ఫైలు ఇంతకు రెండింతలు ఉండేది. మనుషులు పెరిగారు, ఫైలు సగమైంది. గిన్నె చేత్తో ఎత్తగానే పాలు తగ్గాయని తెలిసిపోవడం లాంటిది అది. ఎవరు తాగారన్నదే తేలాలి.

"బ్యాకప్ ఎట్ల తీస్తున్నరు మీరు?" అని అడిగింది.

"ఎట్ల తీసుడేంది? మంచిగనే తీస్తున్న. నువ్వైతే ఒక్క తావే పెట్టేదానివి. నేను రెండు తావులు పెట్టిన. ఒకటి ఇంట్ల డిస్కుల, ఒకటి నా జేబుల పెన్‌డ్రైవ్ల. ఒకటి పోతే ఒకటుంటది."

నాలుగు నెలల కిందట ఒక శనివారం అత్తగారు సైదమ్మకు జ్వరమొచ్చింది. దవాఖానకు తిప్పుతూ సౌజన్య ఆ వారం బ్యాకప్ మరిచిపోయింది. ఆ సాయంత్రం తిరుపతి ఆ పనిని చేతిలోకి తీసుకున్నాడు. "ఇది జిమ్మెదారి పని. వంటల నడుమ చేసేది కాదు" అన్నాడు. అప్పట్నుంచి ప్రతి శనివారం స్నానం చేసి, దేవుడికి అగరుబత్తి వెలిగించి, కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్క బటన్ నొక్కి, "అయిపోయింది" అని ఇంటికంతా వినబడేలా చెప్పేవాడు. బ్యాకప్ ఎక్కడ పెట్టాలో అడిగే చోట, డిస్కు పేరున్న వరుస కింద పెన్‌డ్రైవ్ పేరు ఇంకో వరుసగా చేర్చాడు. రెండు వరుసలుంటే రెండు కాపీలు వస్తాయనుకున్నాడు. కంప్యూటర్ మాత్రం ఒక్క బ్యాకప్‌నే నిలువునా చీల్చి సగం ఇక్కడ, సగం అక్కడ పెట్టింది. రెండూ ఉంటేనే ఒకటి. ఏది పోయినా రెండూ పోయినట్టే.

ఫోన్లో శ్రీకర్ ఇదే సంగతి మర్యాదగా చెప్పాడు. "ఆ పెన్‌డ్రైవ్ కూడా పెట్టేయండి సార్, అయిపోద్ది."

తిరుపతి జేబులోంచి తాళంచెవుల గుత్తి తీశాడు. దానికి వేలాడుతున్న పెన్‌డ్రైవ్‌ను చూశాడు. చూస్తూనే ఉన్నాడు.

"ఏమైంది?" అంది సౌజన్య.

"మొన్న బుధవారం... వేదిక కోసమని సన్నాయి పాటలు ఎక్కించిన. జాగ సరిపోలే. ఉన్నది తీసేసిన."

"హలో, సార్?" అని శ్రీకర్ పిలిచాడు. విషయం విన్నాక అతని గొంతు కూడా తగ్గింది. "దానిమీద మళ్లీ పాటలు రాసేశారు కదండీ. ఇంక రాదు సార్. వేరే కాపీ ఏమన్నా ఉందేమో చూసుకోండి."

తిరుపతి కుర్చీలో కూర్చుండిపోయాడు. నుదుటి మీది బొట్టు చెమటకు కారుతోంది. సౌజన్యకు అతని మీద కోపం రాలేదు. ఆరువేల మందిని సగానికి నరికి ఆ సగం మీద సన్నాయి వాయించిన మనిషిని చూస్తే నవ్వే వచ్చింది. అది లోపలే ఆపుకుంది. ఎందుకంటే ఆమెకు ఒక సంగతి తెలుసు. అది తను చెప్పొచ్చు, చెప్పకపోవచ్చు.

పడగ్గది బీరువాలో, లంగాల అర అడుగున, సీడీలు పదిహేడు ఉన్నాయి. బ్యాకప్ తన చేతిలోంచి పోయిన మరుసటి శుక్రవారం నుంచే ఆమె వారానికి ఒకటి తీసి పెట్టుకుంటోంది. బ్యాకప్ కోసం తిరుపతి తెర మీద తెరిచే కిటికీ ఆమె తెరవదు. కాలేజీలో నేర్చుకున్నట్టు ఆదేశాన్ని ఒక్క వరుసలో చేత్తో టైపు చేస్తుంది. మొత్తం ఒకే ఫైలు. ఎందుకు చేస్తోందంటే పెద్ద కారణం లేదు. రేపటి పెరుగు కోసం ఇవాళ్టి గిన్నెలో ఒక స్పూను మిగల్చకుండా పడుకోలేని మనిషి, ఆరేళ్ల పనిని ఒకరి జేబుకు ఎలా వదిలేస్తుంది? ప్రతి సీడీ మీదా స్కెచ్‌పెన్నుతో 'వంటలు' అని రాసి అంకె వేసింది. ఆ పేరుంటే ఇంట్లో మగవాళ్లెవరూ దాన్ని తాకరు.

ఇప్పుడు ఇస్తే ఏమవుతుందో కూడా ఆమెకు తెలుసు. పోయినేడు వేదికలో తిరుపతి మైకు పట్టుకుని షామియానా అతనికి, వంటమేస్త్రికి, సన్నాయి బృందానికి, సాఫ్ట్‌వేర్ కంపెనీకి పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాడు. ఆమె అప్పుడు హాలు వెనకాల జాబితాలకు పిన్నులు కొడుతోంది. కంప్యూటర్లో ప్రతి మనిషి వివరాల కింద 'నమోదు చేసినవారు' అని ఒక గడి ఉంటుంది. ఆరువేల గడుల్లోనూ ఒకటే పేరు, తిరుపతి. ప్రోగ్రాం లోపలికి వెళ్లే తాళం, అంటే లాగిన్, అతని పేరు మీదే తీశారు మరి. రేపు కూడా "మస్తు పరేషానైనం, మేము ఎట్లనో చూసుకున్నం" అంటాడు. ఆ 'మేము'లో ఆమె ఉంటుందో లేదో వినేవాళ్లు అనుకోవాల్సిందే.

ఇవ్వకపోతే? బీరువా తలుపు తియ్యకుండా లేచి వెళ్లి దోసెలు పోసుకుంటే?

అప్పుడు ఆమెకు 'ఇతర వివరాలు' గడి గుర్తొచ్చింది. తండ్రులు నింపిన కాగితాల్లో ఆ గడి ఖాళీగానే వచ్చేది. మంచినీళ్లడిగే వంకతో ఆడపిల్లలు వంటింటి గుమ్మం దాకా వచ్చి చెప్పినవి సౌజన్య అక్కడ ఎక్కించేది. అల్మాస్‌గూడ నర్సు, "రాత్రి డ్యూటీ బంద్ చెయ్యమననోళ్లు కావాలక్కా." హయత్‌నగర్ టీచర్, "మా అమ్మ నాతోనే ఉంటది. ఒప్పుకునేటోళ్లే ఫోన్ చెయ్యాలె." కోస్తా నుంచి వచ్చిన ఒక చార్టర్డ్ అకౌంటెంట్ పిల్ల, వాళ్ల నాన్న 'వంటలో నేర్పరి' అని రాయించిన పూటే గుమ్మంలో నిలబడి, "నాకు వంట రాదండి, నిజం రాయండి ప్లీజ్" అంది. తెలంగాణ ఉద్యమం ముదిరాక తిరుపతి, ఏ ప్రాంతం వాళ్లు కావాలో రాయడానికి 'ప్రాంతం' అని కొత్త గడి పెట్టించి నాలుగువేల మందికి ఆమె చేత నింపించాడు. ఆ పిల్ల వచ్చి ఆ గడిలో 'ఏదైనా పర్లేదు, అబద్ధాలాడకపోతే చాలు' అని రాయించుకుని పోయింది. ఆ మాటలు ఏ కాగితం మీదా లేవు. తిరుపతి 'ఇతర వివరాలు' గడి ఎన్నడూ చదవలేదు.

సౌజన్య లేచి వెళ్లింది. పదిహేడో నంబరు తీసుకుని వచ్చింది. అది పోయిన శుక్రవారానిది.

తిరుపతి తలెత్తి సీడీ మీద రాసింది చదివాడు. "ఇప్పుడు వంటలేందే?"

"ఫోన్ ఇటియ్యండి."

అతను ఇవ్వలేదు. "నాకు చెప్పు, నేను చెప్త."

"మీరు చెప్పేదాంట్ల సగమే పోతది అటు. ఇటియ్యండి."

గొంతు పెరగలేదు. పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మెల్లగానే అంది. తిరుపతి చెయ్యి దానంతట అదే ముందుకొచ్చింది.

"నమస్తే శ్రీకర్ గారు. నేను సౌజన్య. ఇందాకట్నుంచి కీబోర్డు మీద ఉన్నది నేనే. పోయిన శుక్రవారం తీసిన కాపీ ఉన్నది, మొత్తం ఒకటే ఫైలు."

"అయ్యో, మీరాండి మేడమ్! ఇందాక సార్ చెప్తుంటే, ఇంత ఇదిగా ఎలా పట్టేస్తున్నారా అనుకున్నాను."

ఫైలును సీడీలోంచి డిస్కు మీదికి దించుకుని ఆదేశం ఇచ్చింది. పచ్చగీత పది, ఇరవై అని నడవడం మొదలెట్టింది. సైదమ్మ కర్ర పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కొడుకును చూసింది, కోడలిని చూసింది, కీబోర్డు పక్కన పడి ఉన్న ఖాళీ సీడీ కవరును చూసింది.

"వారానికొకటి దాస్తున్నవు, ఏం వంటలో అనుకున్న" అంది. "నేనెవ్వలికి చెప్పలే."

"ఎరుకేనా అత్తమ్మా నీకు?"

"గా అరల నా మందుల చిట్టీలు గూడ ఉంటయి బిడ్డా." తర్వాత కొడుకు వైపు తిరిగింది. "తిరుపతీ, పొయ్యి మీద పాలున్నయి. జర పోయి చూడు. ఖాళీగనే ఉన్నవు కద."

తిరుపతి లేచి వెళ్లాడు. అప్పటికే ఆలస్యమైందని మాడు వాసన చెప్పింది.

నూరు దగ్గర గీత ఆగింది. అందరూ వచ్చేశారు. నర్సు, టీచర్, వంట రాని పిల్ల, ఆరువేల మంది. ప్రోగ్రాం తెరిస్తే పేరు అడిగింది. అలవాటుగా తిరుపతి పేరు, పాస్‌వర్డ్ కొట్టింది. ఒప్పుకోలేదు. ఇంకోసారి కొట్టింది. ఊహూఁ.

"అది మామూలేనండి" అన్నాడు శ్రీకర్. "డేటా లోపల సార్ పేరుంది. కానీ సర్వర్ కొత్తగా ఎక్కించారు కదా, దానికి ఆ పేరు తెలీదు. ఇంట్లో గోడ మీద ఫొటో ఉంది గానీ గేటు దగ్గర వాచ్‌మన్ గుర్తుపట్టట్లేదన్నమాట. పాత పేరునే కలిపేద్దామా, కొత్త పేరు పెడదామా?"

సౌజన్య కిటికీలోంచి బయటికి చూసింది. బంద్ కదా, వీధి తీరుబడిగా ఉంది. ఎదురింటి గోడ మీద ఎవరో నినాదం రాస్తూ రంగు అయిపోయి సగంలో ఆపారు.

"కొత్తది పెడదాం."

"ఎవరి పేరు మీద మేడమ్?"

ఆరేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. వేసి ఉంటే అప్పుడే చెప్పేదేమో. "సౌజన్య" అంది. శ్రీకర్ చెప్పినట్టు నాలుగు చోట్ల నొక్కింది. తలుపు తెరుచుకుంది.

పాత ఆరువేల గడుల్లోని పేరును ఆమె ముట్టుకోలేదు. ఈ వారం దరఖాస్తులు ఇరవై మూడూ దగ్గరికి లాక్కుని టైపు చెయ్యడం మొదలుపెట్టింది. మొదటిది పూర్తయి భద్రపరచగానే 'నమోదు చేసినవారు' గడిలో ఆమె పేరు దానంతట అదే వచ్చి కూర్చుంది. కాసేపు దాన్నే చూసింది. తర్వాత రెండోది అందుకుంది.

తిరుపతి మాడిన పాలగిన్నె నానబెట్టి, మిగిలిన పాలతో టీ కాచి తెచ్చాడు. చక్కెర ఎక్కువైంది. కప్పు ఆమె పక్కన పెట్టి, తెర వైపు వంగి చూశాడు.

"నా పేరు మీద గూడ ఒకటి తెరువు మరి. రేపు హాల్ల అడుగుతరు."

"తెరుస్తున్న. హోదా ఏం పెట్టాలె?"

"ప్రొప్రైటర్ అని పెట్టు."

"గీ గడిల అది లేదు. అడ్మిన్ అని ఉన్నది, సహాయకుడు అని ఉన్నది."

"అడ్మిన్ పెట్టు."

"అడ్మిన్ ఒక్కలకే ఇస్తదట. అది అయిపోయింది."

"శ్రీకర్ చెప్పిండా గట్లని?"

"ఊఁ" అని సౌజన్య సహాయకుడి మీద నొక్కి, టీ అందుకుంది.

శ్రీకర్ అలాంటిదేమీ చెప్పలేదు. ఆమె అడగనూ లేదు.