ఉరెన్నా ఆంటీ కళ్ళలో ఎరుపు

ముందే ఒప్పేసుకుంటున్నాను. నేను పనిచేసిన దెయ్యం సినిమాల్లో ఒక్కటి చూసి కూడా భయపడలేదు. భయపడటానికి అక్కడేముంది గనక? కంప్యూటర్ ఇంజనీరింగ్ చదివి, మా సినిమాలన్నీ తీసే అసాబా ఊళ్ళో ఒక ఇరుకు గదిలో, జనరేటర్ హోరు మధ్య కూర్చుని, నటుల కళ్ళలో ఎరుపు నింపడం, నోట్లోంచి పాముల్ని రప్పించడం నా ఉద్యోగం. మా అమ్మ మాత్రం చుట్టాలకి "మా కోసి బ్యాంకులో చేస్తోంది" అని చెప్తుంది.

నేను ఎరుపు నింపిన కళ్ళలో ముప్పావు వంతు ఉరెన్నా ఆంటీవే. కొడుకు రక్తం తాగిన తల్లి ఆవిడే. కోడలి కడుపుని సీసాలో బంధించిన అత్తా ఆవిడే. వయసులో ఉన్నప్పుడు నర్సు వేషం అడగడానికి వెళ్ళిందట. డైరెక్టరు చూసి, "ఈమె రెప్ప వెయ్యడం లేదు, మంత్రగత్తెని చెయ్యండి" అన్నాడట. అంతే, ఇరవయ్యేళ్ళ నట జీవితం ఆ ఒక్క మాటతో తేలిపోయింది. ఈమధ్య ఓసారి మామూలు అమ్మ పాత్ర అడిగితే అదే మహానుభావుడు పడీపడీ నవ్వాడు. "నిన్ను అమ్మగా చూపిస్తే, బిడ్డని ఎప్పుడు తింటావా అని జనం చివరిదాకా ఎదురుచూస్తారు ఆంటీ!"

ఆ జనం సంగతి సరేసరి. బజార్లో మిరపకాయలమ్మే ఆవిడ ఆంటీ ఇచ్చిన నోటు మీద పవిత్ర జలం చల్లి గానీ తీసుకోదు. సాయంత్రం అదే మనిషి ఆంటీ సినిమా పెట్టుకుని ఇంటిల్లిపాదితో కూర్చుంటుంది. చూడకుండా ఉండలేరు, చూశాక నమ్మకుండా ఉండలేరు.

బజారంటే సర్దుకోవచ్చు. అసలు గొడవ ఆగస్టు మీటింగు దగ్గర వచ్చింది. ఆంటీ అత్తవారి ఊరి పేరు ఉముఎజేకే. ఏటా ఆగస్టులో ఆ ఊరి కోడళ్ళంతా ఎక్కడున్నా వచ్చి కలుస్తారు. వంట వంతులవారీగా చేస్తారు. పోయినేడు ఆంటీ వంతు వచ్చింది. ఆవిడ వండిన చేదాకు సూపు గిన్నె ఎలా వెళ్ళిందో అలాగే తిరిగొచ్చింది. ఊళ్ళో కుక్కలు మాత్రం నమ్మి తిన్నాయి. ఈ ఏడు అధ్యక్షురాలు, లోలో ఎజిన్వానే అనే పెద్దావిడ, కబురు పెట్టింది: మళ్ళీ వండు, కానీ ముందు పాస్టరు ఎదుట మంత్రగత్తెనని ఒప్పుకో. లేదంటే మీటింగులోంచి పేరు తీసేస్తాం.

పేరు తీసేస్తే, చచ్చిపోయిన రోజున ఆ ఆడవాళ్ళెవరూ రారు. ఆంటీకి భర్త పోయాడు, పిల్లల్లేరు. వాళ్ళు రాకపోతే శవం దగ్గర పాడే గొంతే ఉండదు.

"కోసీ, ఆ లాప్‌టాప్ తీసుకుని నాతో ఊరికి రా. ఎరుపు ఎలా వేస్తావో వాళ్ళకి చూపించు" అంది ఆంటీ.

"పాస్టరు ముందు కాసేపు ఏడ్చి, దబ్బున పడిపోండి ఆంటీ. నటించడం మీకు కొత్తా?"

"కెమెరా ముందు ఒప్పుకుంటే సినిమా. అక్కడ ఒప్పుకుంటే నా పేరే అదైపోతుందే పిచ్చిమొహమా."

వెళ్ళాను. హాలు నిండా ఒకే రకం నీలం బట్టలు, గొడుగులంత తలగుడ్డలు. ఓ మూల ఆంటీ సూపు గిన్నె, దాని చుట్టూ బోలెడంత ఖాళీ జాగా. నేను లాప్‌టాప్ తెరిచాను. షూటింగులో తీసిన ముక్కలో, ఆకుపచ్చ తెర ముందు ఆంటీ వేరుశెనగపప్పులు నములుతూ నిలబడి ఉంది. మీట నొక్కాను, కళ్ళు ఎర్రబడ్డాయి. మళ్ళీ నొక్కాను, పోయింది.

"చూశారా అమ్మా? ఇంతే సంగతి!" అన్నాను, పెద్ద మేధావిలా.

"మళ్ళీ నొక్కు" అంది లోలో. నొక్కాను. "అంటే ఈవిడ తన మానాన తను పప్పులు తింటోంది."

"అవునమ్మా!"

"ఆ ఎరుపు ఈవిడది కాదు."

"కానే కాదు! నేనే పెట్టాను."

"తుఫియాక్వా!" చెడు తనకి తగలకుండా లోలో తల చుట్టూ చెయ్యి తిప్పి చిటికె వేసింది. హాలంతా చిటికెలు.

"అమ్మో, ఈ పిల్లే ఆవిడ మొహాన్ని తీసుకెళ్ళి ఆ పెట్టెలో దాచింది!"

"పాపం, పిచ్చిది, పప్పులు తింటోంది!"

"ఏయ్ పిల్లా, నీకు పెళ్ళైందా?"

"లేదు, కానీ దానికీ దీనికీ..."

"చూశారా! నేననుకుంటూనే ఉన్నా!"

లండన్ నుంచి వచ్చిన ఫార్మసిస్టు కోడలు కూడా చిటికె వేసింది. ఆవిడ చదువు తగలెయ్య.

"ఆంటీ, మీరైనా చెప్పండి!" అన్నాను.

ఆంటీ నా వైపు చూసింది. తర్వాత సూపు గిన్నె వైపు చూసింది. ఎన్నడూ పడని ఆ రెప్పలు టపటపా కొట్టుకున్నాయి, నీళ్ళు జారాయి. "చిన్నపిల్ల. ఎవరు చేయించారో ఏమో. వదిలెయ్యండమ్మా" అంది వణికే గొంతుతో. ఇన్నేళ్ళలో ఏ డైరెక్టరూ ఆవిడ చేత అంత గొప్పగా చేయించలేదు.

ఆడవాళ్ళంతా ఆవిణ్ణి చుట్టేసి ఏడ్చారు. గిన్నె మూత తీశారు. లోలో వేళ్ళు నాకి, మారు వడ్డించుకుని, "ఇంత మంచి చెయ్యి పెట్టుకుని ఇన్నాళ్ళూ ఎక్కడున్నావే?" అని ఎదురు దబాయించింది. నన్ను బయట మెట్ల మీద కూర్చోబెట్టారు. పాస్టరు వచ్చి నా నెత్తిన, లాప్‌టాప్ మీదా నీళ్ళు చల్లాడు. అప్పట్నుంచి సగం మీటలు పనిచెయ్యడం లేదు.

తిరిగొచ్చేటప్పుడు కారులో ఆంటీ ఓ డబ్బా నా ఒళ్ళో పెట్టింది. అడుగున మిగిలిన సూపు, కర్రపెండలం పిండితో చేసిన గారీ ముద్ద.

"నన్ను అమ్మేశారు కదా ఆంటీ."

"నీ వయసుకి శవం దగ్గర పాడేవాళ్ళతో పనిలేదే. నాకుంది." ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. "వాళ్ళు గిన్నె తుడిచి మరీ తిన్నారు కోసీ. చూశావా?"

చూశాను. ఆ గొర్రెల మందని, వాళ్ళ మెప్పు కోసం నన్ను బలిచ్చిన ఈవిణ్ణి, అందరినీ కలిపి మనసులో తిట్టుకుంటూనే డబ్బా ఖాళీ చేశాను. సూపు నిజంగానే బాగుంది, అదింకా మండించింది.

సరే, మీ సంగతేంటి? మీ చేతి తిండి తిననన్నవాళ్ళున్నారా? మీరు సాయం చెయ్యబోతే మీ నెత్తినే నీళ్ళు చల్లినవాళ్ళు? పేర్లతో సహా రాయండి. లాప్‌టాప్ ఎలాగూ పోయింది, ఫోన్లో చదువుకుంటాను.